సెట్టు మార్చక ముందు



గత మాసము మాకు అందిన ఉత్తరములలో గోదావరి మెట్ట ప్రాంతము నుండి ఒక యౌవన సహోదరుడు వ్రాసినది మమ్మును చాలసేపు ఆలోచింపజేసినది. ఆయన తండ్రిగారికి దూరదేశపు రేడియో స్టేషన్లు వినే అలవాటు ఉండేది. విన్న ప్రతి స్టేషనును నోటుబుక్కులో వ్రాసుకొని, వారికి ఉత్తరము పంపి, జవాబుగా వచ్చిన కార్డులను ట్రంకుపెట్టెలో దాచుకొన్నారట. ఆయన పోయి రెండేండ్లయినది. ఇప్పుడు కుమారునికి అదే సరదా పట్టుకొన్నది. "అయ్యగారూ, నాన్నగారి సెట్టులో గరగర తప్ప ఏమీ వినబడుట లేదు. మా ఇంట ఒక పడ్డ ఉన్నది. దానిని అమ్మి మంచి డిజిటల్ సెట్టు కొందామని నేను, వద్దని అమ్మ. మీరేమంటారు?" అని అడిగాడు.

ఉత్తరము చదివి మొదట నవ్వుకొన్నాము. కాసేపటికి నవ్వు ఆగిపోయినది. ఇటువంటి బేరము మేమును ఒకసారి చేశాము.

1994లో ధాన్యము అమ్మిన డబ్బులో ఇంటి కప్పుకు రేకుల కొరకని దాచిన భాగము తీసి, పట్టణము వెళ్ళి పెద్ద సెట్టు కొని తెచ్చాము. ఇంట్లో ఆమెతో ఒక మాటైనా చెప్పలేదు. ఆ రాత్రి ఎంతో ఆశతో బ్యాండు తిప్పితే పాత సెట్టులో వినిపించిన గరగరే కొత్త సెట్టులో ఇంకా పెద్దగా వినిపించినది. అంగడివానిని తిట్టుకొన్నాము, సెట్టును తిట్టుకొన్నాము. మూడు నెలల తరువాత ఒక రాత్రి కరెంటు పోయినది. చీకటిలో పాత సెట్టుకు సెల్లులు వేసి తిప్పితే, ఎన్నడూ అందని స్టేషన్లు గదిలో మాట్లాడినట్టు పలికాయి. దోషము మా ఫ్యాను రెగ్యులేటరులో ఉన్నది! ఆ వానాకాలమంతా కప్పు కారుచున్న చోటులలో గిన్నెలు పెట్టుచు ఆమె మమ్మును ఒక్క మాట అనలేదు. అన్నట్లయితే కొంత తేలికపడి ఉండేవారము.

అందుచేత సహోదరునికి మా సలహా ఇది. పడ్డను కట్టుకొయ్య దగ్గరే ఉండనివ్వండి. ముందుగా ఖర్చులేని పనులు మూడు ఉన్నవి.

మొదటిది, ఇంటిలోని శబ్దమును పట్టుట. సెట్టుకు సెల్లులు వేసి, ఇంటి మెయిన్ స్విచ్చి ఆపి వినండి. గరగర తగ్గితే దొంగ ఇంట్లోనే ఉన్నాడు. ఒక్కొక్క స్విచ్చి వేయుచు పోతే ఎవరో తెలియును. నేటి ఎల్.ఇ.డి. బల్బులు, సెల్‌ఫోను చార్జర్లు, ఇన్వర్టర్లు, టీ.వీ. పెట్టెలు చాలామట్టుకు ఈ నేరస్థులే. 1994 నాటికంటె ఇవి ఇప్పుడు ప్రతి ఇంట ఎక్కువ. రాత్రి వినే గంటసేపు వాటిని ఆపితే చాలు.

రెండవది, పాత సెట్టును బాగుచేయించుట. వాల్యూము తిప్పినప్పుడు బరబరమంటే లోపల దుమ్ము చేరినదని అర్థము. బ్యాండు స్విచ్చి కాంటాక్టులకు మైల పట్టితే షార్టువేవు మొత్తము మూగబోవును. సెల్లుల గడిలో పచ్చని చిలుము ఉన్నదేమో చూడండి. ఎండిపోయిన కండెన్సర్లను మంచి మెకానిక్కు కొద్ది ఖర్చుతో మార్చగలడు. అయితే లోపలి కాయిల్సు మీది మరలను మాత్రము మీరు తిప్పవద్దు. తిప్పితే ముల్లు ఒక చోట, స్టేషను మరొక చోట అగును.

మూడవది ఏరియలు. సెట్టుతో వచ్చిన కడ్డీ ఇంటిలోపల ఉండును. ఇంటి శబ్దమంతా దానికే ముందు అందును. పదిమీటర్ల ఇన్సులేషను గల రాగితీగను పెరటిలో వేపచెట్టుకు నైలాను త్రాడుతో కట్టి, రెండవ కొనను కిటికీ గుండా తెచ్చి క్లిప్పుతో కడ్డీకి తగిలించండి. కరెంటు తీగల పైనగాని క్రిందగాని, వాటి దాపున గాని ఎన్నడూ కట్టవద్దు. ఉరుము వినబడగానే తీగ ఊడదీసి బయట పడవేయండి. తీగ ఎంత పొడవైతే అంత మంచిదని కూడ అనుకోవద్దు. చిన్న సెట్టుకు మరీ పొడుగు తీగ తగిలిస్తే బలమైన స్టేషన్లు ఒకదానిమీద ఒకటి ఎక్కి కలగాపులగమగును. మీడియంవేవుకు కడ్డీతో పనిలేదు. లోపలి ఫెర్రైట్ కడ్డీయే ఏరియలు గనుక సెట్టునే అటు ఇటు తిప్పి చూడండి.

ఈ మూడును చేసిన తరువాత కూడ తృప్తి లేకపోతే అప్పుడు కొత్త సెట్టు మాట. కొనేవారు ధగధగలాడే అద్దములను చూడక నాలుగు సంగతులు చూడవలెను. రేడియో గాలిలోని సంకేతమును లోపల ఒక స్థిరమైన ఫ్రీక్వెన్సీకి మార్చుకొనును. పాత సెట్లలో అది సాధారణముగా 455 కిలోహెర్ట్జ్. ఒకేసారి మార్చే సెట్టులో బలమైన స్టేషను 910 కిలోహెర్ట్జ్ తక్కువ చోట కూడ దయ్యమువలె కనబడును. 9,700 మీది స్టేషను 8,790 మీద కూడ పలుకునన్నమాట. రెండుసార్లు మార్చే సెట్టులో ఈ బాధ బహుగా తగ్గును. రెండవది, షార్టువేవులో స్టేషన్లు 5 కిలోహెర్ట్జ్ ఎడముగా ఉండును గనుక పక్కవానిని ఆపే సన్నని ఫిల్టరు ఉండవలెను. మూడవది, ఫ్రీక్వెన్సీ అంకెలలో చూపవలెను. నాల్గవది, బయటి ఏరియలుకు సాకెట్టు ఉండవలెను. ఎస్.ఎస్.బి. కూడ ఉంటే అమెచ్యూరు రేడియోవారి మాటలు వినవచ్చును. సోనీవారు 2001లో తెచ్చిన 7600 జి.ఆర్. వంటివి ఇప్పుడు పాతవే దొరుకును. నేటి చిన్న సెట్లలో చిప్పు ఒకటే లెక్కలు కట్టి ఫిల్టరు పని చేయును. టెక్సన్ వారి సెట్లు ఈ కోవకు చెందినవి. పాత సెట్టు కొనేవారు పగలు కొట్టులో కాదు, రాత్రి తమ ఇంటిలో వేసి చూచి కొనుడి.

ఇంకొక మాట కూడ దాచక చెప్పవలెను. నాన్నగారి నోటుబుక్కులోని స్టేషన్లు దొరకలేదంటే తప్పంతా సెట్టుది కాదు. ఆ స్టేషన్లలో చాలా ఇప్పుడు లేవు. మన ఇండ్లలో ఎందరో విన్న ఫీబా రేడియో 1970లో సీషెల్స్ ద్వీపముల నుండి ప్రారంభమై, 2003లో అక్కడి షార్టువేవు ప్రసారము ముగించినది. రేడియో నెదర్లాండ్స్ 2012లో, రేడియో ఆస్ట్రేలియా 2017 జనవరి 31న షార్టువేవు నుండి వెళ్ళిపోయాయి. బి.బి.సి. హిందీ వార్తలు 2020 జనవరి 31తో ఆగినవి. ఎంత ఖరీదైన సెట్టయినను ఆగిపోయిన గొంతును తిరిగి పలికించలేదు. ఆ ఉత్తరములో సెట్టు కొరకైన ఆశతోపాటు తండ్రి కొరకైన దిగులు కూడ ఉన్నదని మాకు తోచినది.

అయినను వినదగినవి మిగిలి ఉన్నవి. సూర్యునిపై మచ్చలు సుమారు పదకొండేండ్ల కొకసారి పెరిగి తగ్గుచుండును; 2024లో అవి హెచ్చు దశకు చేరినట్లు శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మచ్చలు ఎక్కువైనప్పుడు పగటివేళ 19, 16, 13 మీటర్ల బ్యాండ్లు బాగుగా పనిచేయును. చీకటిపడిన తరువాత 49, 41, 31 మీటర్లు తిప్పండి. అమెరికాలోని కొలరాడో నుండి, చైనా నుండి 5, 10, 15 మెగాహెర్ట్జ్‌ల మీద గడియారపు టిక్కులు ప్రసారమగును. అవి దొరికితే మీ డయలు సరిగా ఉన్నదో లేదో తెలిసిపోవును.

విన్నదానిని వ్రాసుకొనుడి. తేదీ, మన సమయములోనుండి అయిదున్నర గంటలు తీసివేసిన అంతర్జాతీయ సమయము, ఫ్రీక్వెన్సీ, విన్న విషయము, సంకేతబలము మొదలైన అయిదింటికి 1 నుండి 5 వరకు మార్కులు. ఇదే సిన్పో పద్ధతి. వినబడనిదానిని వినబడినదని, 2 వేయవలసిన చోట 5 అని వ్రాయవద్దు. కార్డు కొరకు అబద్ధమాడితే ఆ కార్డు ట్రంకుపెట్టెలో ఉన్నంతకాలము మనలను చూచుచుండును.

సహోదరుడా, పడ్డను అమ్మవద్దు. నాన్నగారి సెట్టును మార్పిడికి ఇవ్వవద్దు. ఈ శనివారము వేపచెట్టుకు తీగ కట్టి, మెయిన్ ఆపి, అమ్మగారిని కూడ దగ్గర కూర్చుండబెట్టుకొనుము. ఆ నోటుబుక్కు తెరచి, ఏ స్టేషను విన్న రాత్రి ఆయన ఏమన్నారో ఆమెను అడుగుము. దూరపు గొంతుల కొరకు వంగి కూర్చున్నవారము, పక్కనున్న గొంతు వినక పోవుట మా ఇంట జరిగినది. మీ ఇంట జరుగనక్కరలేదు.

తరువాత ఏమి వినబడినదో మాకు వ్రాయుము. ఏమీ వినబడకపోయినను వ్రాయుము.