ఇంటనుండి ఫ్యాక్సు

అమెరికాలో కాపురమున్న మన సోదరీమణులకు వైద్యశాలలనుండి ఇప్పటికిని వచ్చు మాట యొకటి గలదు: “కాగితమును ఫ్యాక్సు చేయుడు.” ప్రత్యేకయంత్రము లేకున్నను కంప్యూటరు, స్కానరు, ఫ్యాక్సు పంపగల మోడెము ఉన్నచో ఇంటనుండియే యీ పని జరుగును.

స్కానరు కాగితమును చిత్రముగా గైకొనును. మోడెము ఆ చిత్రమును ధ్వనులుగా మార్చి టెలిఫోను తీగవెంట బంపును. అవతలి యంత్రము వానిని మరల చుక్కలుగా దీర్చును. ఈ యూహ క్రొత్తది గాదు. స్కాట్లండువాడగు అలెగ్జాండరు బెయిను 1843లోనే యిట్టిదానికి పేటెంటు పొందెను.

సాధారణపు ఫ్యాక్సులో ఆ చుక్క నలుపో తెలుపో కావలసినదే. నడిమి వన్నె లేదు. ఈ సంగతి నెఱుగక, మేమచట నుండిన దినములలో మా యత్తగారి మందులపట్టికను పెన్సిలుతో వ్రాసి పంపితిమి. చేరినదని కంప్యూటరు చెప్పెను. రెండు దినములకు “తెల్లకాగితము వచ్చినది” అని వైద్యశాలనుండి కబురు! అప్పటికి డబ్బాలో మాత్రలు నిండుకొన్నవి. నాటినుండి నల్లసిరాతోనే వ్రాసి, పంపుటకు ముందు తెరపై చిత్రమును చదివి చూచుచున్నాము. అంగుళమునకు 200 చుక్కల చొప్పున స్కాను చేసిన చాలును.

ఇంటర్నెట్టుమీదుగా నడచు టెలిఫోనులో ధ్వనులు తెగి పంపకము చెడుట కలదు. పాత రాగితీగ మేలు. అది లేనివారు మోడెము వేగమును సెకనుకు 14,400 బిట్లనుండి 9,600కు దగ్గించి చూడవలెను.

నంబరును మాత్రము రెండుమార్లు సరిచూచుకొనుడు. ఒక్క యంకె తప్పిన మన రోగవివరము లన్యుల చేతబడును. “చేరినది” యనగా అవతలి యంత్రము గ్రహించినదని మాత్రమే యర్థము; వైద్యులు చూచిరో లేదో మఱునాడు ఫోనులో నడుగుటకు మొగమోటపడకుడు.