మా ఎండకు వాటా లేదా?

దేశం మొత్తం సౌర, పవన విద్యుత్తుకు మారితే గిట్టుబాటవుతుందా అని ఢిల్లీలో పెద్దలు లెక్కలు వేస్తుంటారు. గిట్టుబాటవుతుందని చేసి చూపించిన నేలల్లో అనంతపురం ఒకటి. ఆ మాట ఎవరి నోటా రాదు. మేం గుర్తొచ్చేది కరువు బృందాలు జీపులు దిగిన రోజే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానే అని రాసుకుంటారు, ఎండిన శెనక్కాయ చెట్టొకటి పీకి చూస్తారు, వెళ్లిపోతారు.

వాన లేని ఆకాశం కింద ఏం పండిందో ఎవరూ రాసుకోరు. రామగిరి గుట్టల మీద 1990లలోనే గాలిమరలు తిరిగాయి. కదిరి పక్కన నంబులపూలకుంటలో 1,500 మెగావాట్ల సోలార్ పార్కు తలపెట్టారు. 2016లో ఎన్టీపీసీ తొలి 250 మెగావాట్లు మొదలుపెట్టింది. 2022లో జిల్లా చీలి ఆ మండలం శ్రీసత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ ఎండ అదే, నేల అదే.

2010లో జాతీయ సోలార్ మిషన్ తొలి వేలంలో సౌర పలకల కరెంటు యూనిట్‌కు అతి తక్కువ ధర 10 రూపాయల 95 పైసలు. 2017 ఏప్రిల్‌లో మా పక్క కడప పార్కు వేలంలో అది 3 రూపాయల 15 పైసలకు దిగింది. ఇప్పుడు రెండున్నర రూపాయల చుట్టూ తిరుగుతోంది. పలకల ధర పడిపోయింది, వడ్డీ తగ్గింది అని నిపుణులు కారణాలు చెబుతారు. నిజమే. మూడో కారణం మాత్రం మింగేస్తారు. మెగావాట్‌కు సుమారు ఐదెకరాలు కావాలి. అలాంటి వేల ఎకరాలు ఒకేచోట, చవగ్గా, గట్టిగా అడ్డం పడేవాళ్లు లేకుండా దొరికింది మాలాంటి చోటే. పట్టా ఉన్నవాడి చేతికి ఎంతో కొంత పరిహారం వచ్చింది. కాగితం లేకుండా సాగు చేసుకున్నవాడు, ఆ బీళ్లలో గొర్రెలు మేపుకున్నవాడు ఏ జాబితాలోకి ఎక్కాలి? కంచె లోపల వాళ్లకు మిగిలింది కాపలా, గడ్డి కోత, పలకలు కడిగే పని. అవీ కొందరికే.

బొగ్గు తవ్వే జిల్లాకు 2015 చట్టంతో ఖనిజ నిధి వచ్చింది. గనివాళ్లు రాయల్టీ మీద ఇంత అని జిల్లాకు కట్టి తీరాలి. నదిమీద ప్రాజెక్టు కడితే, 2008 జలవిద్యుత్ విధానం ప్రకారం ఆ రాష్ట్రానికి 12 శాతం కరెంటు ఉచితం, స్థానిక అభివృద్ధికి మరో ఒక శాతం. సౌర విద్యుత్తుకు అలాంటి కేంద్ర నియమం లేదు. ఎండ ఎవరి సొత్తూ కాదు కదా, వాటా ఏమిటి అంటారు. నది మాత్రం ఎవరి సొత్తు? టర్బైన్ తిప్పిన నీళ్లు తరిగిపోకుండా కిందికి పారతాయి, అయినా కొండవాళ్లకు హక్కు ఒప్పుకున్నారు. మా నేల పాతికేళ్లు పలకల కింద బందీ అయినా మాకు ఒప్పుకోరు.

వాటా అంటే కరెంటు ధర పెరుగుతుందని ఇంకో బెదిరింపు. ఒక మెగావాట్ ఏడాదికి సుమారు 20 లక్షల యూనిట్లు ఇస్తుంది. 1,500 మెగావాట్లు నిండుగా పనిచేస్తే 300 కోట్ల యూనిట్లు. యూనిట్‌కు ఐదు పైసలు తీసిపెడితే ఏటా 15 కోట్లు. రెండున్నర రూపాయల ధరలో అది రెండు శాతం. దానికే దేశం గిట్టుబాటు కూలిపోతుందా? బయటి రాష్ట్రాలకు అమ్ముకునే సౌర ప్రాజెక్టుల నుంచి మెగావాట్‌కు ఇంత అని ఏటా వసూలు చేసే నియమం రాజస్థాన్ పెట్టుకుంది. అక్కడికి పెట్టుబడి రావడం మానలేదు.

2019 జులైలో మా రాష్ట్ర ప్రభుత్వం సౌర, పవన విద్యుత్తు పాత ఒప్పందాల ధరలు తగ్గించాలని కమిటీ వేసింది. కంపెనీలు కోర్టుకెక్కాయి. 2022 మార్చిలో హైకోర్టు కంపెనీల పక్షాన తీర్పు చెప్పింది. అంతకాలం యూనిట్‌కు ఎంత అని ఇరుపక్షాలూ కొట్టుకున్నాయి. అందులో నేలకు ఎంత అని ఒక్కరూ అడగలేదు. కంపెనీలు బడికి నాలుగు బెంచీలు, ఊరికో నీళ్ల ట్యాంకు ఇచ్చి ఫొటో దిగితే మా బాకీ తీరిపోయినట్టేనా?

2025 మేలో గుత్తి దగ్గర బేతపల్లిలో సౌర, పవన, బ్యాటరీలు కలిపిన భారీ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది. ఇంకా వస్తాయి. 2030కి శిలాజేతర వనరుల నుంచి 500 గిగావాట్లు అని దేశం పెట్టుకున్న లక్ష్యం మాలాంటి మెట్టనేలలు లేకుండా తీరేది కాదు. కాబట్టి ఇకపై రాసే ప్రతి ఒప్పందంలో యూనిట్‌కు ఐదు పైసలు ప్రాజెక్టు ఉన్న మండలానికి అని ఒక వాక్యం చేర్చండి. ఆ డబ్బు చెరువుల పూడికకు, బోర్లు ఎండిన ఊళ్ల తాగునీటికి, పనుల కోసం బెంగళూరు బస్సెక్కే పిల్లల చదువుకు పోవాలి. లెక్కలు గ్రామసభ ముందు పెట్టాలి. మాకు కరువు సాయం రాసిచ్చే చేతులే ఈ వాక్యం రాయాలి; ఆ సాయం కన్నా ఇదే చవక.