ఇంట్రెస్టింగా, ఇంట్రెస్టెడా?

సిద్దిపేటలో 2023లో ఐటీ టవర్ తెరుచుకున్నాక మన జూనియర్లు "ఒకసారి చూడన్నా" అంటూ రెజ్యూమేలు పంపడం ఎక్కువైంది. ప్రాజెక్టులు బాగానే ఉంటయి. కానీ మధ్యలో ఎక్కడో ఈ లైన్ తగులుతుంది: 'ఐ యామ్ ఇంట్రెస్టింగ్ ఇన్ జావా'. 'నేను ఆసక్తి కలిగించే మనిషిని' అని చెప్పుకున్నట్టు. నిజమే కావచ్చు గానీ, హెచ్ఆర్ అడిగింది అది కాదు కదా!

విశేషణాల రకాలు స్కూల్లో అందరం బట్టీ కొట్టినవాళ్లమే. క్వాలిటీ, క్వాంటిటీ, నంబర్, డెమాన్‌స్ట్రేటివ్, పొసెసివ్... (వీటిలో 'దిస్', 'మై' లాంటివాటిని ఇప్పుడు చాలా గ్రామర్ పుస్తకాలు డిటర్మినర్స్ అంటున్నాయి.) ఆ లిస్టు గడగడా అప్పజెప్పేవాళ్లకూ ఇక్కడ కాలు జారుతుంది. కారణం మన తెలుగే.

మనం 'నాకు బోర్ కొడుతోంది', 'నాకు ఆసక్తి ఉంది' అంటాం. ఇంగ్లీషులో 'నాకు' కుదరదు, 'నేను' అని మొదలుపెట్టాలి. అప్పుడు ఆ బోరు నా నుంచి పుడుతోందా, నా మీద పడుతోందా అన్నది విశేషణమే తేల్చాలి. పుట్టించేదానికి 'ఇంగ్', అనుభవించేవాళ్లకి 'ఎడ్'.

మందు కూడా తెలుగులోనే ఉంది. 'విసిగించే సినిమా', 'విసిగిన జనం' అంటాం కదా. మొదటిది బోరింగ్, రెండోది బోర్డ్. 'భయపెట్టే కుక్క' ఫ్రైటెనింగ్, 'భయపడ్డ పిల్లాడు' ఫ్రైటెన్డ్. డౌట్ వస్తే ముందు తెలుగులో అనుకొని చూడండి. జావా ఆసక్తి పుట్టించేది, మీరు ఆసక్తి పుట్టినవాళ్లు. కాబట్టి 'ఐ యామ్ ఇంట్రెస్టెడ్ ఇన్ జావా'.

పోలికలోనూ ఇదే గొడవ. 'సిద్దిపేట కంటే హైదరాబాద్ పెద్దది' అన్నప్పుడు పనంతా 'కంటే' చేస్తది, 'పెద్ద' అనే మాటకు ఏమీ కాదు. ఇంగ్లీషులో 'బిగ్' కాస్తా 'బిగ్గర్' అవ్వాలి. మనోళ్లకి అది చాలదనిపించి ముందు 'మోర్' కూడా తగిలిస్తారు. 'మోర్ బెటర్' అలా పుట్టిందే.

ఇక వరస. మన గొల్లభామ చీరనే తీసుకోండి. తెలుగులో 'ఎర్రటి పాత చీర' అన్నా, 'పాత ఎర్ర చీర' అన్నా నడుస్తది. ఇంగ్లీషులో మాత్రం మామూలుగా ముందు మన అభిప్రాయం, తర్వాత సైజు, వయసు, రంగు, ఊరు, చివర్లో దేంతో చేశారన్నది. 'ఎ బ్యూటిఫుల్ ఓల్డ్ రెడ్ సిద్దిపేట కాటన్ శారీ'. ఇందులో 'రెడ్'ని 'ఓల్డ్' ముందుకు జరిపి చదవండి. ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్లకి అది ఎక్కడో తేడా కొడుతుంది. ఎందుకని అడిగితే వాళ్లలో చాలామంది చెప్పలేరు.