భోజనము పడని పిల్లలకు వేసవి శిబిరము

వేసవి సెలవులు సమీపించినప్పుడెల్ల మన పాఠశాలలో శిబిరముల మాట వినవచ్చును. స్కౌటు బాలురొక చోటికి, పాటలు నేర్చు బాలికలు వేరొక చోటికి, ఆటలవారు మరియొక చోటికి బోవుదురు. పెట్టెలు సర్దుకొని, బస్సు కిటికీలనుండి చేతులూపుచు బోవు ఆ పిల్లలను జూచి సంతోషింపనివారుండరు. అయితే ఏ శిబిరమునకును బోని పిల్లలు కొందరు మన నడుమ నున్నారు. రుసుము చెల్లింపలేక కాదు, తలిదండ్రులకు మనస్సు లేక కాదు. అక్కడ పెట్టు అన్నము ప్రాణముమీదికి దెచ్చునేమో యను భయముచేత. అట్టివారికొరకు మన పాఠశాలలోనే యొక శిబిరమును ప్రారంభింపవలయునని నా యభిప్రాయము.

ఈ మాట వ్రాయుటకు నన్ను పురికొల్పినది నా తప్పిదమే. ఎనిమిదేండ్ల క్రిందట నేను వేరొక పట్టణమున ఒక వసతిగృహమునకు వార్డెనుగా నుంటిని. తొమ్మిదేండ్ల బాలుని వెంటబెట్టుకొని ఒక తల్లి వచ్చి, బిడ్డకు వేరుశనగయు నువ్వులును పడవని చెప్పి, ఏమి పెట్టవచ్చునో ఏమి పెట్టరాదో వ్రాసిన కాగితము నా చేతికిచ్చెను. నేను దానిని సగమైన చదువక, "అమ్మా, ఇంత బాధ్యత మేము వహింపజాలము" అంటిని. ఆమె వాదింపలేదు. కాగితమును మడిచి కొంగున ముడివేసికొనెను. బాలుడు మాత్రము మైదానమువైపు చూచుచు, "మాస్టారూ, ఇక్కడ సాయంకాలము బంతాట ఉంటుందా?" అని యడిగెను. ఉంటుందని చెప్పితిని. వారు వెడలిపోయిరి. నేను ఆనాడు చెప్పినది అబద్ధము కాదు. మా వంటవానికి గాని నాకు గాని ఏమియు తెలియదు. తెలిసికొనుటకు ఒక పూటయైన ప్రయత్నింపకుండుటయే తప్పు.

మన భాషలో "పడదు" అను మాట మిక్కిలి విశాలమైనది. వంకాయ తినిన దురద పుట్టువారికిని, పాలు త్రాగిన కడుపుబ్బరించువారికిని, కాకరకాయ రుచింపనివారికిని ఆ యొక్క మాటయే చాలును. అందుచేతనే ఒక బిడ్డ తనకు పల్లీలు పడవని చెప్పినచో, "కొంచెము తిను, ఏమీ కాదు" అని మనము నవ్వుదుము. పాలు అరుగకుండుట వేరు, పాలు పడకుండుట వేరు. మొదటిది కడుపునకు గలుగు ఇబ్బంది. రెండవదానియందు దేహమును రక్షింపవలసిన శక్తియే ఆహారమందలి మాంసకృత్తును శత్రువని భ్రమించి తిరుగబడును. దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, దగ్గు, పిల్లికూతలు, గొంతు మారుట, మగత కొద్ది నిమిషములలోనే రావచ్చును. లేశమాత్రము తినినను రావచ్చును.

ఇది నేటి నాగరికుల జబ్బనియు, తమ కాలమున లేదనియు పెద్దలనుట కలదు. ఇట్టి ప్రాణాంతకమైన తిరుగుబాటును ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులగు రిషే, పోర్టియే యనువారు 1902లోనే వర్ణించిరి; ఆ కృషికి రిషేకు 1913లో నోబెల్ బహుమానము వచ్చెను. "అలర్జీ" యను పేరును వియన్నా వైద్యుడగు పిర్కే 1906లో పెట్టెను. రోగముగల పిల్లలకు శిబిరములు నడుపుటయు క్రొత్త కాదు. 1921లో ఇన్సులిను కనుగొనబడగా, ఎనిమిదేండ్లలోనే, 1929లో, అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున మధుమేహముగల పిల్లలకు శిబిరము నెలకొల్పిరి.

ఇక మన వంటింటి సంగతి. శిబిరము నిలుచుటయు చెడుటయు ఇక్కడనే. వేరుశనగ మనకు శత్రువు కాదు. అది పేదవాని బలము; 2020 జనవరి నుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల మధ్యాహ్న భోజనమున పల్లీ చిక్కీ చేర్చినపుడు నేనును సంతోషించితిని. కాని అది చొరబడని వంటక మేది? ఇడ్డెనల చట్నీలో, పులిహోరలో, తాలింపులో, గానుగ నూనెలో నున్నది. గోంగూర పచ్చడిలో నువ్వులు నూరుదురు. ఆవకాయ పెట్టుట వేసవిలోనే. అందు నువ్వులనూనెయు ఆవపిండియు ఉండును, ఆవాలు పడనివారును కలరు. అన్నిటికన్న నన్ను ఆశ్చర్యపరచినది ఇంగువ. అంగడిలో దొరకు కూటు ఇంగువలో గోధుమపిండి కలుపుట వాడుక. గోధుమ పడని బిడ్డకు చారుతోనే చిక్కు వచ్చునని నేనెన్నడు ననుకొనలేదు. బజ్జీలు వేగిన మూకుటి నూనెలోనే అప్పడములు వేచుట, ఒకే గంటెతో రెండు గిన్నెలు కలుపుట, పచ్చడి రుబ్బిన మిక్సీ గిన్నెను నీళ్లతో తొలిచి మరల వాడుట మనము తప్పని తలంపము. శిబిరపు వంటింటిలో తప్పే. కావున వచ్చు పిల్లలలో ఎవరికేది పడదో ముందుగా వ్రాయించుకొని, ఆ వస్తువులలో తీసివేయదగినవానిని ఆ యైదుదినములును గడప దాటి లోనికి రానీయకుండుట మేలు. రెండు విధముల వంట చేయుటకన్న ఒకే వంట అందరికి పెట్టుట సులభము. ఇంటినుండి పలహారములు తేరాదు; ఎంగిలి పంచుకొనరాదు. చేతులను సబ్బుతో నీటితో కడుగుకొనవలయును. వేరుశనగ జిడ్డును చేతులకు పూయు శానిటైజరు పోగొట్టజాలదు.

పిల్లలకు పొట్లములమీది అక్షరములు చదువుట నేర్పుట శిబిరములో నొక పాఠముగా నుండవలెను. 2020లో మన దేశపు ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ చేసిన నియమములనుబట్టి పాలు, గ్రుడ్లు, చేపలు, రొయ్యల జాతి, వేరుశనగ, జీడిపప్పువంటి గింజలు, సోయా, గ్లూటెనుగల ధాన్యములు ఉన్నయెడల పొట్లముపై తెలుపవలయును. ఆ 2020నాటి జాబితాలో నువ్వుల పేరు లేదు. కావున నువ్వులు పడని బిడ్డ పదార్థముల పట్టిక నంతయు చదువవలసినదే.

కొందరు మిత్రులు హార్సిలీ కొండలకు గాని అరకులోయకు గాని పోదమనిరి. చల్లదనము నాకును ఇష్టమే. అయినను వద్దనుచున్నాను. ఈ జబ్బు ముదిరినపుడు ప్రాణము నిలుపు మందు అడ్రినలిను. దానిని తొడ వెలుపలి కండకు సూదితో వెంటనే ఎక్కింపవలయును. అలర్జీ మాత్రలు దురదను తగ్గించునేగాని దానికి బదులు కావు. సూది వేసిన పిమ్మటను ఆసుపత్రికి తీసికొనిపోవలయును, ఏలయన తగ్గిన లక్షణములు కొన్ని గంటలకు మరల రావచ్చును. ఘాటు దారిలో మలుపులు దిగుచు బోవుట కిది సమయము కాదు. మే మాసమున ఖాళీగా నుండు మన వసతిగృహమే తగిన చోటు. ఉక్కపోసినను ఆసుపత్రి దగ్గర నున్నది. ఆ మందు వేడికిని వెలుగునకును చెడును గనుక దాని నెక్కడ నుంచవలయునో వైద్యులనడిగి యేర్పాటు చేయవలెను. ప్రతి బిడ్డ బరువునుబట్టి మోతాదును వైద్యుడు ముందే వ్రాసి యుంచవలెను. ఒక నర్సు రాత్రింబగళ్లు అక్కడనే యుండవలయును. సూది వేయుట కనీసము ఇద్దరు ఉపాధ్యాయులు నేర్వవలయును. ఊపిరాడని బిడ్డను కూర్చుండనీయవచ్చును, తక్కినవారిని పరుండబెట్టవలయును, ఎవరినిగాని లేపి నడిపింపరాదు. 108కి ఫోను చేయుట ఒకరి పనిగా ముందే నిర్ణయింపవలయును.

ఇట్టి పిల్లలను వేరుచేసి ఒక చోట చేర్చుట వారిని మరింత వేరుచేయుటయే యని ఒక యాక్షేపణ కలదు. దానిని నేను తేలికగా త్రోసివేయజాలను. అన్ని శిబిరములును వీరికి తగినట్లు మారుటయే ఉత్తమము. అంతవరకు వీరేమి చేయవలెను? తరగతిలో నలువదిమందిలో ఒక్కడుగా డబ్బా తెరచుకొని మూలను తిను బాలుడు, తనవంటివారు పదిమంది ఒకే పంక్తిలో కూర్చుండి, ఇది తినవచ్చునా యని అడుగకుండ తినుట ఒక్కసారి చూడవలెను. అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు, స్నేహితులు కూడ రావచ్చును. వారును ఆ భోజనమే చేయుదురు. మొదటి యేడు పండ్రెండుమందికి మించి వద్దు.

ఖర్చు పెద్దది కాదు. నర్సు జీతము, మందులు, క్రొత్త గిన్నెలు కొన్ని. గిన్నెలు మరుసటి యేటికిని పనికివచ్చును. ఇట్టి బిడ్డలుగల తలిదండ్రులు బిడ్డపేరు, వయస్సు, పడని వస్తువులు, ఇంతకుముందేమి జరిగినదియు వ్రాసి ఫిబ్రవరి మాసాంతములోగా కార్యాలయమున ఇచ్చినచో, వంట ఎట్లుండవలెనో వారితోనే కూర్చుండి నిర్ణయింతుము. ఇందు తల్లులకు తెలిసినంత మాకు తెలియదు.

ఆ బాలునికి ఇప్పుడు పదునేడేండ్లుండును. పిల్లవాడుగా వచ్చు వయస్సు దాటినది; పిల్లలను చూచుకొను పెద్దన్నగా రావచ్చును. అతని తల్లి చిరునామా సంపాదించి పోయిన నెల ఉత్తరము వ్రాసితిని. సాయంకాలము బంతాట ఉంటుందని కూడ అందు వ్రాసితిని. ప్రత్యుత్తర మింకను రాలేదు.