పడిన తల పడినచోటే

ఈజిప్టులోని అబూ సింబెల్ గుడి ముందు రామ్‌సెస్ చక్రవర్తి విగ్రహాలు నాలుగు కూర్చుని ఉంటాయి. ఒక్కోటి 20 మీటర్ల ఎత్తు. మూడు వేల ఏళ్లకు పూర్వం కొండనే విగ్రహాలుగా చెక్కారు. వాటిలో ఒకదానికి నడుము పైభాగం లేదు. ఏనాడో భూకంపానికి విరిగిపడ్డ తల, మొండెం కాళ్ల దగ్గరే ఉన్నాయి. నేను ఎక్కువసేపు నిలబడింది ఆ తల దగ్గరే.

ఆ గుడి మొదట ఉన్నది అక్కడ కాదు. అస్వాన్ హై డ్యామ్ కడితే మునిగిపోతుందని తెలిసి 1960లో యునెస్కో ప్రపంచ దేశాలను సాయం అడిగింది. 1964 నుంచి 1968 వరకు కొండను రంపాలతో కోశారు. ఇరవై ముప్పై టన్నుల రాళ్లను 65 మీటర్లు పైకి, 200 మీటర్లు వెనక్కి చేర్చి మళ్లీ పేర్చారు. ఏడాదికి రెండుసార్లు గర్భగుడి దాకా పడే ఎండ ఇప్పటికీ పడుతోంది. విరిగిన తలను అతికించలేదు. పాత చోట ఎలా పడి ఉందో కొత్త చోటా అలాగే ఉంచారు. రాతికి ఇంత మర్యాద చేసిన మనుషులకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

మర్నాడు అస్వాన్‌లో తెరచాప పడవ ఎక్కాను. పడవ నడిపే పెద్దాయన నూబియన్. గుడి చూసొచ్చానని చెబితే, "మా ఊరు ఆ నీళ్ల అడుగునే ఉంది" అన్నాడు. డ్యామ్ కోసం ఈజిప్టులోనే సుమారు 50 వేల మంది నూబియన్లను 1963, 64ల్లో ఖాళీ చేయించి కోమ్ ఓంబో దగ్గర కట్టిన ఇళ్లకు పంపారు. ఆయనకప్పుడు ఏడేళ్లు. బయల్దేరే ముందు వాళ్లమ్మ పెద్దల సమాధుల మీద నీళ్లు చల్లింది. ఇంటికి తాళం వేసి చెవి వెంట తెచ్చుకుంది. మునిగే ఇంటికి తాళమెందుకో ఆయన అప్పుడు అడగలేదు, ఇప్పుడు అడుగుదామంటే ఆమె లేదు. కొత్త ఊరికి నది దూరం. పొద్దున్నే లేచి ఎటు తిరగాలో ఎవరికీ తోచేది కాదట.

రాతి తల ఎటు తిరిగి పడి ఉందో కొలిచి పెట్టినవాళ్లు, ఈ మనుషుల గడప నదికి ఎంత దూరంలో ఉండేదో ఎందుకు కొలవలేదు?

అంతకుముందు కంబోడియా వెళ్లాను. ఆంగ్‌కోర్ గుళ్ల మధ్య ఊళ్లున్నాయి. విష్ణువు కోసం కట్టిన ఆంగ్‌కోర్ వాట్‌లో ఎనిమిది చేతుల పాత విగ్రహానికి పట్టుబట్ట చుట్టి బౌద్ధులు అగరొత్తులు వెలిగిస్తున్నారు. అది బతికున్న గుడి. అయినా ఈమధ్య వారసత్వ రక్షణ పేరుతోనే వేల కుటుంబాలను అక్కడి నుంచి తరలించారు. ఇది తప్పని నా గట్టి అభిప్రాయం. దీపం పెట్టేవాళ్లు పోయాక మిగిలేది టికెట్ కౌంటరే.

ఈ మాట అనే హక్కు మనకూ అంతంత మాత్రమే. నాగార్జున సాగర్ కోసం నాగార్జునకొండ లోయను ముంచాం. ఇక్ష్వాకుల విజయపురిని తవ్వి, కొన్ని కట్టడాలను కొండ మీదికీ అనుపుకీ చేర్చాం. శ్రీశైలం డ్యామ్ వచ్చినప్పుడు కూడవెల్లి గుడిని విప్పి అలంపురంలో మళ్లీ కట్టాం. అస్వాన్ నూబియా మ్యూజియంలో శిల్పాలతో పాటు నూబియన్ల ఊరి బతుకు కూడా ఉంది. మన కృష్ణా తీరంలోనూ మునిగిన ఊళ్ల పేర్లతో, ఇంటిపేర్లతో ఒక పెద్ద గది కట్టాలి. ఆ ఊళ్లలో పుట్టినవాళ్లు ఉండగానే కట్టాలి.

అస్వాన్ పడవలో ఆ పెద్దాయనకు సంగమేశ్వరం గురించి చెప్పాను. ఏడాదిలో చాలా నెలలు శ్రీశైలం నీళ్లలోనే ఉంటుందని, ఎండాకాలం నీళ్లు తగ్గితే గుడి బయటపడుతుందని, పూజారి వెళ్లి వేపలింగానికి పూజ చేస్తాడని. ఆయన తెరచాప తాడు వదిలేసి విన్నాడు.

"ప్రతి ఏడూ బయటపడుతుందా?" అని రెండుసార్లు అడిగాడు.