ఆలస్యం ఖరీదు రోజుకు 20 రూపాయలు

సంపాదకుడు గారికి,

ప్రభుత్వ దుబారా మీద మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. అధికారుల కార్లు, విదేశీ పర్యటనలు, సగంలో ఆగిన వంతెనలు, అన్నీ నిజమే. బెంగళూరులో సర్జాపుర నుంచి కోరమంగల వైపు వెళ్ళేవాళ్ళకి ఈజీపుర ఫ్లైఓవర్ గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. 2017లో మొదలుపెట్టి 2019లో ఇచ్చేస్తామన్న రెండున్నర కిలోమీటర్ల వంతెన, ఆ గడువు దాటిన ఐదేళ్ళకి కూడా పూర్తి కాలేదు. అయినా అది కంటికి కనబడే దుబారా. కింద ట్రాఫిక్‌లో కూర్చుని తిట్టుకోవడానికైనా వీలుంది. ఏ బడ్జెట్ పద్దులోనూ ఎక్కని దుబారా ఇంకొకటుంది. ప్రభుత్వం తన దగ్గరున్న కాగితాన్నే మళ్ళీ మనచేత తెప్పించుకోవడం. మీ వ్యాసం దాని జోలికి పోలేదు.

ఆస్తి ఎవరి పేర ఉందో చూపే ఈ-ఖాతా సంగతే చూడండి. 2024 అక్టోబరు నుంచి బెంగళూరు నగరపాలిక బీబీఎంపీ పరిధిలో ఇది లేనిదే రిజిస్ట్రేషన్ లేదన్నారు. (ఆ బీబీఎంపీ మరుసటి ఏడు ఐదు కార్పొరేషన్లయింది. బోర్డులు మాత్రం చకచకా మారాయి.) పంచాయతీల్లో ఈ-స్వత్తు పద్ధతి కింద ఫారం 9, ఫారం 11 అనే ఆస్తి పత్రాలు అంతకుముందు నుంచే అడుగుతున్నారు. ఉద్దేశాన్ని తప్పుపట్టను. ఒకే సైటుని ఇద్దరు ముగ్గురికి అమ్మిన ఘనులు ఈ చుట్టుపక్కల తక్కువేం లేరు. కానీ అడిగే కాగితాలేమిటి? దస్తావేజు, ఆస్తి మీద లావాదేవీలు చూపే ఈసీ రిజిస్ట్రేషన్ శాఖ ఇచ్చినవి. పన్ను రసీదు ఆ స్థానిక సంస్థ ఇచ్చిందే. మీటరు నంబరు కరెంటు సంస్థ బెస్కాంది. ఆధార్ కేంద్రానిది. ఇందులో నేను సొంతంగా పుట్టించిన కాగితం ఒక్కటి లేదు. ఒక కిటికీ దగ్గర తీసుకుని ఇంకో కిటికీ దగ్గర అందించే జీతంలేని బంట్రోతుని నేను.

పైగా మన తెలుగువాళ్ళకి ఇంటిపేరు తంటా ఒకటి. దస్తావేజులో పొడి అక్షరం, ఆధార్‌లో పూర్తి పేరు, కరెంటు బిల్లులో అసలు ఉండదు, ఉంటే పేరు చివరికి పోయి ఉంటుంది. మా పక్కింటాయన దరఖాస్తు ‘పేరు సరిపోలలేదు’ అన్న ఒక్క ముక్కతో తిరిగొచ్చింది. తానూ తానూ ఒకరేనని స్టాంపు కాగితం మీద ప్రమాణం చేసి, నోటరీ ముద్ర వేయించి మళ్ళీ ఇచ్చుకున్నాడు. ఆ పనికి పెట్టిన సెలవులు ఏ లెక్కలోకీ రావు.

ఇలాంటి జాప్యానికి మందుగానే కర్ణాటక ‘సకాల’ చట్టం తెచ్చింది. 2011 నాటి చట్టం, 2012 ఏప్రిల్ నుంచి అమలు. దరఖాస్తు ఇవ్వగానే పదిహేనంకెల నంబరిస్తారు, ఆ రోజు నుంచి గడువు నడుస్తుంది. గడువు దాటితే రోజుకు 20 రూపాయల పరిహారం, మొత్తం 500కి మించకుండా. లెక్క వేసి చూడండి. ఇరవై అయిదు రోజుల ఆలస్యం దాటాక మిగిలిందంతా ఉచితం. ఆ 20 రూపాయలు మా తాలూకా కేంద్రం ఆనేకల్ దాకా ఆటోకి కూడా చాలవు.

అసలు లొసుగు మాత్రం డబ్బులో లేదు. గడువు లోపల సేవ ఇవ్వాలి, లేదా కారణం రాసి తిరస్కరించాలి. తిరస్కరించినా ఫైలు సకాలంలో తేలినట్టే లెక్క. అంటే చివరి రోజున ‘పేరు సరిపోలలేదు’ అని రాస్తే ఆ ఆఫీసు రికార్డు మచ్చ లేకుండా ఉంటుంది, దరఖాస్తుదారు మొదటి మెట్టుకి వస్తాడు. గడువు మళ్ళీ కొత్తగా మొదలవుతుంది.

తెలంగాణలో 2020లో వచ్చిన భవన అనుమతుల చట్టం టీఎస్-బీపాస్ ఇంకో దారి పట్టింది. పెద్ద భవనాల దరఖాస్తుకి 21 రోజుల్లో ఏ సంగతీ చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టే. ఇక్కడ ఖాతాకీ అదే పెట్టమని నేననను. హక్కు పత్రాల్లో మౌనాన్ని అంగీకారం చేస్తే కబ్జాదారుకి పండగే. తొందర ఒక్కటే చాలదని అక్కడి భూ రికార్డుల పోర్టల్ ధరణి చూపించింది కదా. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే పూట అయిపోయేవి, తప్పు పడితే దిద్దించుకోవడానికి రైతుకి దిక్కులేకపోయింది. 2025లో భూభారతి చట్టం తెచ్చి అప్పీళ్ళు మళ్ళీ పెట్టాల్సి వచ్చింది.

ఆఫీసుల్లో సిబ్బంది తక్కువంటారు, నిజమే. అందుకే ఒకరు ముద్ర వేసిన కాగితాన్ని ఇంకొకరు మళ్ళీ వడపోసే పని తీసేయమంటున్నాను, ముందు ఊపిరాడేది వాళ్ళకే. ఎస్తోనియాలో ఒక శాఖ దగ్గరున్న వివరాన్ని ఇంకో శాఖ పౌరుణ్ణి అడగకూడదన్నది పద్ధతి. అంత దూరం పోనక్కర్లేదు. దాదాపు రెండు కోట్ల పహణీలని, అంటే భూమి రికార్డులని, ‘భూమి’ పేరుతో కంప్యూటర్‌కెక్కించి, 15 రూపాయలకి రైతు చేతిలో పెట్టిన రాష్ట్రమిది. అదీ పాతికేళ్ళ కిందట.

నేను అడిగేది చిన్న సవరణ. ప్రభుత్వం దగ్గర ఉన్న కాగితం లేదనో, అందులో పేరు తేడా ఉందనో తిరస్కరిస్తే, దాన్ని సకాల లెక్కలో ‘పరిష్కారం’ కింద వేయకూడదు, గడువు ఆగకుండా నడవాలి. ఏ ఆఫీసు ఏ నెలలో ఎన్ని దరఖాస్తులు, ఏ కారణంతో తిప్పికొట్టిందో ఆ ఆఫీసు గుమ్మం దగ్గర బోర్డు మీద రాయాలి. ఎన్ని ఇచ్చారో చెప్పే బోర్డులు ఇప్పటికే చాలా ఉన్నాయి.

ఇట్లు,
ఒక పాఠకుడు, సర్జాపుర