సెల్‌ఫోన్ తరంగాలు, పురుషుల సంతాన సామర్థ్యం: భయం కన్నా పరీక్ష మేలు

(ప్రత్యేక వ్యాసం)

నిజామాబాద్: పట్టణంలోని వ్యాపారి మొదలుకొని బోధన్ ప్రాంత చెరకు రైతు వరకు సెల్‌ఫోన్ నేడు అందరికీ నిత్యావసర వస్తువుగా మారినది. దానితో పాటే టవర్ల నుండి, జేబులోని ఫోన్ నుండి వెలువడే తరంగాల వలన పురుషులలో సంతాన సామర్థ్యం తగ్గిపోతున్నదనే భయం కూడా వ్యాపించినది. ఇందులో నిరూపితమైనదేమిటి, కానిదేమిటి అన్నది ప్రతి కుటుంబం తెలుసుకోవలసిన అవసరం ఉన్నది.

అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు 361 మంది పురుషులపై జరిపిన అధ్యయనం 2008లో వెలువడినది. ఫోన్ వాడకం పెరిగిన కొద్దీ వీర్యకణాల సంఖ్య, చలనం తగ్గినట్లు అందులో తేలినది. అయితే వారందరూ సంతానలేమి పరీక్షల కోసం వచ్చినవారే. 2023లో స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞులు 18-22 ఏండ్ల యువకులు 2,886 మందికి సంబంధించిన ఫలితాలను ప్రకటించారు. వారానికి ఒకసారికి మించి ఫోన్ వాడనివారిలో మిల్లీలీటరుకు 5.65 కోట్లు ఉన్న వీర్యకణాలు, రోజుకు 20 సార్లకు పైగా వాడేవారిలో 4.45 కోట్లుగా నమోదైనవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పేర్కొన్న కనీస ప్రమాణం 1.6 కోట్లు కాగా, రెండు సంఖ్యలూ దానికి చాలా పైననే ఉన్నవి. ఫోన్‌ను ప్యాంటు జేబులో పెట్టుకోవడానికీ ఈ తగ్గుదలకూ సంబంధం కనిపించలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చేయించిన సమీక్షలు 2024లో వెలువడినవి. మగ జంతువులను తరంగాలకు గురిచేసిన ప్రయోగాలలో గర్భధారణ రేటు తగ్గిన ఆధారాలు లభించినవి. కాని ప్రయోగశాలలో జంతువులకు ఇచ్చిన మోతాదును మనుషుల నిత్య వాడకంతో నేరుగా పోల్చలేము. మనుషులపై జరిగిన అధ్యయనాల ఆధారాలు మాత్రం బలహీనమైనవని తేలినది. కావున హాని నిరూపితమైనదని గాని, ఏమాత్రం లేదని గాని చెప్పుటకు వీలులేదు.

మన దేశంలో 2012 సెప్టెంబరు 1 నుండి టవర్ల తరంగ తీవ్రత పరిమితిని అంతర్జాతీయ ప్రమాణంలో పదవ వంతుకు తగ్గించడమైనది. ఫోన్ల నుండి శరీరం గ్రహించే శక్తికి కిలోగ్రాముకు 1.6 వాట్ల పరిమితి విధించడమైనది. టవర్ల వివరాలను ప్రజలు తెలుసుకొనుటకు కేంద్ర టెలికాం శాఖ 2017లో ‘తరంగ్ సంచార్’ వెబ్‌సైటును ప్రారంభించినది. ఇచ్చట గమనించదగిన విషయమొకటి కలదు. దూరం పెరిగిన కొద్దీ తరంగ తీవ్రత వేగంగా తగ్గుతుంది. కావున ఊరి టవరు కన్నా ఒంటికి ఆనుకొని ఉన్న ఫోన్ నుండే శరీరానికి ఎక్కువ శక్తి చేరుతుంది. సిగ్నలు బలహీనంగా ఉన్నచోట ఫోన్ మరింత శక్తితో పనిచేస్తుంది. ఆ సమయంలో సుదీర్ఘ సంభాషణలు తగ్గించుట, ఇయర్‌ఫోన్ వాడుట ఖర్చులేని జాగ్రత్తలు.

ఇంతకన్నా బలమైన ఆధారాలున్న కారణాలు వేరే కలవు. వృషణాలు శరీర ఉష్ణోగ్రత కన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండాలి. బాయిలర్లు, బెల్లం బట్టీల వద్ద గంటల తరబడి పనిచేసేవారికి వేడి సమస్య కావచ్చును. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో స్థాపించిన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడిన తరువాత చెరకు రైతులు అనేకులు వరి వైపు మళ్ళారు. పంట ఏదైనా పురుగుమందుల పిచికారీ తప్పడం లేదు. 1977లో అమెరికాలోని కాలిఫోర్నియాలో డీబీసీపీ అనే మందును తయారుచేసిన కార్మికులు సంతాన సామర్థ్యం కోల్పోయినట్లు బయటపడినది. చేతికి తొడుగు, ముఖానికి మాస్కు లేకుండా మందు కొట్టే అలవాటు మానవలెను. పొగాకు, మద్యం, స్థూలకాయం, మధుమేహం కూడా కారణాలే. జన్యులోపాలూ ఉండవచ్చును. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు 2022లో పురుషుల సంతానలేమితో సంబంధమున్న ఎనిమిది కొత్త జన్యువులను గుర్తించారు.

సంతానం లేని జంటలలో దాదాపు సగం మందిలో పురుషుని సమస్య ఒంటరిగా గాని, స్త్రీ సమస్యతో కలిసి గాని ఉంటుంది. అయినను నింద భార్యపైనే పడుతున్నది. ఆమెకు ఏండ్ల తరబడి మందులు, మొక్కులు. భర్తకు మాత్రం ఒక్క పరీక్ష కూడా ఉండదు. టవరుపై అనుమానం ఈ పరీక్షను వాయిదా వేయుటకు సాకు కారాదు. వీర్య పరీక్ష నొప్పిలేనిది, తక్కువ ఖర్చుతో కూడినది. ఫలితం తేడాగా వస్తే మరల చేయించుకొనవలెను. వీర్యకణం తయారగుటకు సుమారు రెండున్నర నెలలు పడుతుంది కనుక, అలవాట్లు మార్చుకున్న ఫలితం కనిపించుటకు మూడు నెలలు ఓపిక పట్టవలెను.

చికిత్స అవసరమైనచో 2021 నాటి సహాయక పునరుత్పత్తి సాంకేతికత చట్టం కింద నమోదైన కేంద్రాలనే ఆశ్రయించవలెను. ఏడాది పాటు ప్రయత్నించినా సంతానం కలగని జంటలో భార్యాభర్తలిద్దరూ ఒకేసారి వైద్యుని సంప్రదించుట వలన కాలము, ధనము ఆదా కావడమే గాక, ఇల్లాలికి అకారణ నింద కూడా తప్పుతుంది.